యాప్ మధ్యలో ఎందుకు మూసుకుపోతోంది? ఎక్లిప్స్ మ్యాట్‌తో హీప్ మెమరీని కళ్లారా చూద్దాం

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనం మొదట అడిగేది ర్యామ్ ఎంత అని. 4 జీబీ సరిపోతుందా, 8 జీబీ తీసుకోవాలా అని తెగ ఆలోచిస్తాం. కానీ ఆ ర్యామ్‌లో ఒక యాప్ అసలేం దాచుకుంటోంది, ఎందుకు వదలడం లేదు అన్నది మాత్రం ఎవరూ చూడరు. చిన్నాచితకా యాప్‌లు రాసే నేను కూడా చూడలేదు, మా బాబాయ్ తిట్టేదాకా.

బాబాయ్‌ది కిరాణా కొట్టు. అప్పు ఖాతాలు నోటు పుస్తకంలో రాస్తుంటే, ఫోన్‌లో రాసుకునేలా ఒక ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. పేరు, సరుకుల లిస్ట్, చివర్లో చీటీ ఫోటో. అంతే యాప్. పొద్దున బాగానే పనిచేసేది. సాయంత్రం గిరాకీ పెరిగే టైమ్‌కి మొదలయ్యేది తంటా. ఫోటో తీద్దామని కెమెరా నొక్కి, తీసి వెనక్కి వస్తే పేరు ఉండేది కానీ రాసిన సరుకులన్నీ మాయం! “యాప్ క్రాష్ అయింది” అన్న మెసేజ్ కూడా రాదు. ఒకసారి గుర్తున్నంత వరకు మళ్లీ రాస్తే, అవతలి మనిషి “నేను అంత తీసుకోలేదు” అని గొడవ పెట్టుకున్నాడట. “ఒరేయ్, నీ యాప్ కంటే నా పుస్తకమే నయంరా” అన్నాడు బాబాయ్. అనడమే కాదు, పుస్తకం మళ్లీ బయటికి తీశాడు.

నా ఫోన్‌లో ర్యామ్ 12 జీబీ. ఎన్నిసార్లు చేసి చూసినా యాప్ చక్కగా పనిచేస్తోంది. బాబాయ్ ఫోన్‌లో 3 జీబీ. తేడా అక్కడే ఉందని అర్థమైంది. కానీ “మెమరీ ఎక్కువ వాడుతోంది” అనుకుంటే తప్పు దొరకదు కదా, లోపలికి తొంగి చూడాలి. అలా చూపించే ఓపెన్ సోర్స్ టూలే ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్. అందరూ ముద్దుగా మ్యాట్ అంటారు. సాప్ కంపెనీలో పుట్టి, తర్వాత ఎక్లిప్స్ ప్రాజెక్టులోకి వచ్చిన ఈ టూల్ పూర్తిగా ఉచితం. దీన్ని ఎలా వాడాలో, ముఖ్యంగా అది చూపించే బొమ్మను ఎలా చదవాలో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందుగా: హీప్ అంటే ఏంటి?

ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు వాడే మెమరీలో రెండు ముఖ్యమైన భాగాలుంటాయి. ఒకటి స్టాక్. ఫంక్షన్ మొదలైనప్పుడు దాని లోకల్ వేరియబుల్స్ ఇక్కడికి వస్తాయి, ఫంక్షన్ అయిపోగానే పోతాయి. దీనితో పెద్దగా గొడవ లేదు. రెండోది హీప్. మనం సృష్టించే ఆబ్జెక్టులన్నీ ఇక్కడ ఉంటాయి: స్క్రీన్లు, లిస్టులు, స్ట్రింగులు వగైరా. జావా, కోట్లిన్‌లలో వీటిని మనం చేత్తో తీసేయక్కర్లేదు. గార్బేజ్ కలెక్టర్ వచ్చి, ఎవరికీ అక్కర్లేనివి ఊడ్చేస్తుంది.

మరి “ఎవరికీ అక్కర్లేదు” అని దానికి ఎలా తెలుస్తుంది? పాత ఇళ్లలో గోడకి చిలకకొయ్యలు ఉండేవి గుర్తుందా? కొయ్యకి ఒక సంచి తగిలిస్తాం, ఆ సంచికి ఇంకో సంచి కడతాం. గోడకున్న ఏదో ఒక కొయ్య నుంచి వేలాడుతున్నంత సేపు అది ఇంట్లో వస్తువే. ఏ కొయ్యకీ సంబంధం లేకుండా నేల మీద పడితే చెత్త, ఊడ్చేయొచ్చు. హీప్ కూడా అంతే. ఈ కొయ్యల్ని జీసీ రూట్స్ అంటారు. నడుస్తున్న థ్రెడ్లు, స్టాటిక్ వేరియబుల్స్ ఉన్న క్లాసులు వంటివన్నమాట. వాటి నుంచి రిఫరెన్సులు పట్టుకుని వెళ్తే చేరగలిగే ప్రతి ఆబ్జెక్టూ బతికే ఉంటుంది.

మెమరీ లీక్ అంటే ఇదే. మనకి పని అయిపోయింది, కానీ ఆబ్జెక్టు ఇంకా ఏదో కొయ్యకి వేలాడుతోంది. గార్బేజ్ కలెక్టర్ తప్పేం లేదు, తగిలించి మర్చిపోయింది మనమే.

ఏమేం కావాలి?

* ఆండ్రాయిడ్ స్టూడియో, మన యాప్ డీబగ్ బిల్డ్
* ఎక్లిప్స్ మ్యాట్. ఎక్లిప్స్ మొత్తం ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, విడిగా దొరికే వెర్షన్ చాలు. కంప్యూటర్‌లో జావా ఉండాలి.
* హెచ్‌ప్రాఫ్-కన్వ్ అనే చిన్న టూల్. ఇది ఆండ్రాయిడ్ ఎస్‌డీకేలోని ప్లాట్‌ఫామ్-టూల్స్ ఫోల్డర్‌లో ముందే ఉంటుంది.

స్టెప్ 1: తప్పుని మళ్లీ మళ్లీ చేయండి

చాలామంది ఇక్కడే తొందరపడతారు. యాప్ ఓపెన్ చేసి వెంటనే హీప్ తీస్తే ఏమీ తెలియదు. ఏ పని చేస్తే అనుమానమో ఆ పనిని లెక్కపెట్టుకుని చేయాలి. నేను బాబాయ్ చేసే పనే చేశాను: బిల్లు స్క్రీన్ తెరవడం, ఫోటో పెట్టడం, సేవ్ కొట్టి వెనక్కి రావడం. సరిగ్గా 5 సార్లు. చివరికి హోమ్ స్క్రీన్‌లో ఆగాను.

ఇలా లెక్కపెట్టడం వల్ల లాభం ఏంటంటే, జవాబు ఎంత రావాలో ముందే తెలుస్తుంది. ఇప్పుడు ఒక్క బిల్లు స్క్రీన్ కూడా తెరిచి లేదు. కాబట్టి హీప్‌లో బిల్లు స్క్రీన్ ఆబ్జెక్టులు 0 ఉండాలి. ఈ 0ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్టెప్ 2: హీప్ డంప్ తీయండి

హీప్ డంప్ అంటే ఆ క్షణంలో హీప్ మొత్తానికి తీసిన ఫోటో లాంటిది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రొఫైలర్ తెరిచి, ముందు గార్బేజ్ కలెక్షన్ చేయించండి (చెత్తబుట్ట గుర్తు ఉంటుంది). లేదంటే ఇంకా ఊడ్వని మామూలు చెత్త కూడా లీక్‌లా కనిపించి మనల్ని తికమక పెడుతుంది. తర్వాత హీప్ డంప్ తీయండి. కొన్ని సెకన్లు యాప్ బిగుసుకుపోతుంది, కంగారుపడకండి. డంప్ వచ్చాక దాన్ని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. దాని ఎక్స్‌టెన్షన్ హెచ్‌ప్రాఫ్.

ఇక్కడొక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ ఇచ్చే హెచ్‌ప్రాఫ్ ఫైల్‌ని మ్యాట్ నేరుగా చదవలేదు. హెచ్‌ప్రాఫ్-కన్వ్‌కి పాత ఫైల్ పేరు, కొత్త ఫైల్ పేరు ఇస్తే మామూలు జావా ఫార్మాట్‌లోకి మార్చి పెడుతుంది. దీనికి “మైనస్ జెడ్” అనే ఆప్షన్ కూడా ఇవ్వండి. ఆండ్రాయిడ్ అన్ని యాప్‌ల కోసం ముందే లోడ్ చేసి ఉంచే జైగోట్ హీప్ సామాను అప్పుడు ఫైల్‌లోకి రాదు, మన యాప్ సామాను మాత్రమే మిగులుతుంది. మొదటిసారి నేను ఈ ఆప్షన్ ఇవ్వలేదు. దాని ఫలితం ఇప్పుడు చెప్తాను.

స్టెప్ 3: మ్యాట్‌లో తెరవండి, పై చార్ట్‌ని నమ్మేయకండి

ఫైల్ తెరవగానే “లీక్ సస్పెక్ట్స్ రిపోర్ట్ కావాలా?” అని అడుగుతుంది. కావాలంటే చూడొచ్చు, ప్రస్తుతానికి వదిలేయండి. ఓవర్‌వ్యూ పేజీలో రంగురంగుల పై చార్ట్ ఒకటి కనిపిస్తుంది. హీప్‌లో ఎక్కువ మెమరీని పట్టి ఉంచిన ఆబ్జెక్టుల్ని ముక్కలుగా చూపిస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. అందుకే మోసపోతాం కూడా.

నేను పెద్ద ముక్కల మీద పడ్డాను. ఒక పూట మొత్తం వాటిని తవ్వితే తేలిందేంటంటే, అవన్నీ ఆండ్రాయిడ్ సొంత రిసోర్సులు! ప్రతి యాప్‌లో ఉండేవే. మన తప్పుకీ వాటికీ సంబంధమే లేదు.

మరి ఫోటోలు ఎక్కడికి పోయాయి? ముందు లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 × 3000 పిక్సెల్స్. స్టోరేజ్‌లో అది కొన్ని ఎంబీల జేపెగ్ ఫైలే. కానీ స్క్రీన్ మీద చూపించడానికి మెమరీలోకి విప్పినప్పుడు మామూలుగా ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు పడతాయి. అంటే 4 కోట్ల 80 లక్షల బైట్లు, సుమారు 48 ఎంబీ. ఒక్క చీటీ ఫోటోకి! అలాంటివి 5 అంటే 240 ఎంబీ.

ఇంత పెద్దది పై చార్ట్‌లో కనపడకపోవడానికి కారణం ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి బిట్‌మ్యాప్ పిక్సెల్స్ జావా హీప్‌లో ఉండవు, నేటివ్ హీప్‌లో ఉంటాయి. జావా హీప్‌లో ఉండేది వాటిని పట్టుకున్న చిన్న బిట్‌మ్యాప్ ఆబ్జెక్టు మాత్రమే. గాలిపటం ఆకాశంలో ఉంటే దారం కొస మాత్రం మన చేతిలో ఉన్నట్టు. మ్యాట్‌కి కనిపించేది ఆ దారం కొసే. పైన ఎంత బరువుందో దానికి తెలియదు. ఆ బరువు చూడాలంటే ఆండ్రాయిడ్ స్టూడియో హీప్ డంప్‌లోనే “నేటివ్ సైజ్” అనే కాలమ్ చూడాలి.

ఆ పూట నేను నేర్చుకున్నది ఇదే: పెద్దది వెతకొద్దు. ఉండకూడనిది వెతకండి.

స్టెప్ 4: హిస్టోగ్రామ్‌లో లెక్క చూడండి

మ్యాట్‌లో “హిస్టోగ్రామ్” నొక్కండి. ఏ క్లాసువి ఎన్ని ఆబ్జెక్టులు ఉన్నాయో పెద్ద పట్టిక వస్తుంది. మొదటి వరుసలో క్లాస్ పేరు టైప్ చేస్తే ఫిల్టర్ అవుతుంది. అక్కడ నా బిల్లు యాక్టివిటీ పేరు కొట్టాను.

రావాల్సింది 0. వచ్చింది 5.

5 సార్లు తెరిచి మూసిన 5 స్క్రీన్లూ ఒక్కటి కూడా పోకుండా అలాగే ఉన్నాయి. వాటి సైజు కాలమ్ చూస్తే చాలా చిన్న అంకె, ఎవరూ పట్టించుకోనంత చిన్నది. కానీ ప్రతి స్క్రీన్‌లో ఒక ఇమేజ్ వ్యూ, దానిలో ఒక బిట్‌మ్యాప్, దాని వెనక 48 ఎంబీ ఉన్నాయి.

ఇవి నిజంగా చనిపోయిన స్క్రీన్లేనా అని అనుమానం వస్తే తేలిగ్గా తేల్చుకోవచ్చు. ఆ వరుస మీద రైట్ క్లిక్ చేసి “లిస్ట్ ఆబ్జెక్ట్స్” ద్వారా విడివిడిగా చూడండి. ఒకదాన్ని ఎంచుకుంటే ఎడమ పక్క ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌లో దాని ఫీల్డులన్నీ వస్తాయి. అందులో “ఎం-డిస్ట్రాయ్డ్” అనే ఫీల్డ్ ఉంటుంది. విలువ ట్రూ అయితే ఆండ్రాయిడ్ ఆ స్క్రీన్‌ని ఎప్పుడో ముగించేసింది అన్నమాట. నా 5 స్క్రీన్లలోనూ ట్రూనే ఉంది.

స్టెప్ 5: ఏ కొయ్యకి వేలాడుతోంది?

మ్యాట్ అసలు విలువ తెలిసేది ఇక్కడే. ఆ క్లాస్ మీద రైట్ క్లిక్ చేసి “మెర్జ్ షార్టెస్ట్ పాత్స్ టు జీసీ రూట్స్” ఎంచుకోండి. అందులో వీక్, సాఫ్ట్, ఫాంటమ్ రిఫరెన్సులన్నీ మినహాయించే ఆప్షన్ తీసుకోండి. ఆ రకం రిఫరెన్సులు లీక్‌కి కారణం కావు, ఉంచితే దారి గజిబిజి అవుతుంది.

ఇప్పుడు ఒక చెట్టు లాంటి బొమ్మ వస్తుంది. పైన కొయ్య, కింద మన స్క్రీన్, మధ్యలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో వరుసగా ఉంటుంది. నాకు వచ్చిన దారి ఇది:

సింక్ మేనేజర్ క్లాస్ (స్టాటిక్ ఫీల్డ్) → సింక్ మేనేజర్ ఆబ్జెక్ట్ → లిజనర్స్ లిస్ట్ → లోపలి అరే → నేను రాసిన చిన్న లిజనర్ → “దిస్$0” → బిల్లు యాక్టివిటీ

దీన్ని తెలుగులో చదివితే కథ మొత్తం అర్థమవుతుంది. ఖాతాలను బ్యాకప్ చేయడానికి సింక్ మేనేజర్ అని ఒకటి రాశాను. యాప్ ఉన్నంత సేపు ఒక్కటే ఉంటుంది. బ్యాకప్ అయిపోగానే “అయింది” అని చెప్పమని ప్రతి బిల్లు స్క్రీన్ అందులో తన లిజనర్‌ని చేర్చుకునేది. స్క్రీన్ మూసినప్పుడు ఆ పేరు కొట్టేయాలి కదా, ఆ ఒక్క లైన్ నేను రాయలేదు.

చివర్లో ఉన్న “దిస్$0” చూసి చాలామంది భయపడతారు. అది మనం రాసింది కాదు, కంపైలర్ పెట్టింది. ఒక క్లాస్ లోపల అనానిమస్ క్లాస్ రాస్తే, తనని పుట్టించిన బయటి ఆబ్జెక్టుని అది ఇలా గుట్టుగా పట్టుకుంటుంది. కోడ్‌లో కంటికి కనపడదు, హీప్ బొమ్మలో మాత్రం దొరికిపోతుంది. ఆ ఫైల్‌ని అంతకుముందు పదిసార్లు చదివినా నాకు తప్పు తట్టకపోవడానికి ఇదే కారణం.

షాలో, రిటైన్డ్: ఈ రెండు అంకెల తేడా

మ్యాట్‌లో ప్రతిచోటా ఈ రెండు కాలమ్స్ ఉంటాయి. మళ్లీ చిలకకొయ్య దగ్గరికే వెళ్దాం.

* షాలో హీప్: ఖాళీ సంచి బరువు. ఆ ఆబ్జెక్టు ఒక్కటే తీసుకునే మెమరీ.
* రిటైన్డ్ హీప్: ఆ సంచి తీసేస్తే దానితోపాటు నేల మీద పడే మొత్తం సామాను బరువు. అంటే అది పోతే ఖాళీ అయ్యే మెమరీ.

ఒక సంచి రెండు వేర్వేరు కొయ్యలకి కట్టి ఉందనుకోండి. ఒకటి విప్పినా పడదు. కాబట్టి ఆ బరువు రెండిట్లో ఏ ఒక్కదాని రిటైన్డ్ లెక్కలోకీ రాదు. “డామినేటర్ ట్రీ” అనే బొమ్మ ఈ సూత్రం మీదే గీస్తారు: ఎవరు పోతే ఎవరెవరు తప్పనిసరిగా పోతారు అని. పెద్ద లిస్టులు, క్యాష్‌లు మెమరీ తినేస్తున్నాయని అనుమానం ఉంటే డామినేటర్ ట్రీ మంచి చోటు. నా కేసులాగా బరువు నేటివ్ హీప్‌లో ఉంటే మాత్రం ఆబ్జెక్టుల లెక్కే దారి చూపిస్తుంది.

స్టెప్ 6: సరిచేయడం, మళ్లీ కొలవడం

నేను మూడు మార్పులు చేశాను.

1. స్క్రీన్ ముగిసేటప్పుడు సింక్ మేనేజర్ నుంచి లిజనర్‌ని తీసేయడం. ఒక్క లైన్.

2. ఫోటోని అసలు సైజులో విప్పకపోవడం. ఫోన్ స్క్రీన్ మీద చీటీ చదవడానికి 4000 × 3000 అక్కర్లేదు. “ఇన్‌శాంపిల్‌సైజ్” 4 పెడితే 1000 × 750కి తగ్గుతుంది. 48 ఎంబీ కాస్తా 3 ఎంబీ అవుతుంది, అంటే పదహారో వంతు.

3. సరుకుల లిస్ట్‌ని ఎప్పటికప్పుడు డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా రాయడం.

మూడోది మెమరీకి సంబంధం లేనిదిలా అనిపిస్తుంది. నిజానికి బాబాయ్‌కి నష్టం చేసింది అదే. జరిగింది ఇది: లీక్ వల్ల సాయంత్రానికి యాప్ బాగా ఉబ్బిపోయేది. కెమెరా తెరవగానే మన యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోతుంది, కెమెరాకి బోలెడు మెమరీ కావాలి. ఫోన్‌లో ఉన్నదే 3 జీబీ. అప్పుడు ఆండ్రాయిడ్‌లోని లో మెమరీ కిల్లర్ వచ్చి బ్యాక్‌గ్రౌండ్ యాప్‌ని చంపేస్తుంది. ఇది క్రాష్ కాదు కాబట్టి మెసేజ్ రాదు. వెనక్కి వస్తే ఆండ్రాయిడ్ స్క్రీన్‌ని మళ్లీ కడుతుంది. ఐడీ ఉన్న టెక్స్ట్ బాక్సులో రాసింది అదే దాచి తిరిగి పెడుతుంది, అందుకే పేరు మిగిలింది. నేను వేరియబుల్‌లో పెట్టుకున్న సరుకుల లిస్ట్ సంగతి దానికి తెలియదు, అందుకే పోయింది.

లీక్ లేకపోయినా, తక్కువ ర్యామ్ ఫోన్‌లో ఏ యాప్‌కైనా ఈ గతి పట్టొచ్చు. కాబట్టి యూజర్ రాసింది వెంటనే భద్రం చేయడం యాప్ రాసేవాళ్ల బాధ్యత.

మార్పుల తర్వాత అదే పని, అదే 5 సార్లు చేసి రెండో డంప్ తీశాను. హిస్టోగ్రామ్‌లో బిల్లు యాక్టివిటీ అని కొడితే 0. మ్యాట్‌లో రెండు డంప్‌ల హిస్టోగ్రామ్‌లను పోల్చే సదుపాయం కూడా ఉంది. ఏది ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది ఒకే పట్టికలో చూపిస్తుంది. “సరిచేశాను” అనుకోవడం వేరు, 0 చూడటం వేరు. రెండో డంప్ తీయకుండా ఎప్పుడూ వదలకండి.

కొన్ని జాగ్రత్తలు

* హీప్ డంప్‌లో ఆ క్షణాన మెమరీలో ఉన్నవన్నీ ఉంటాయి: పేర్లు, ఫోన్ నంబర్లు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లు, లాగిన్ టోకెన్లు కూడా. సాయం కోసమని ఎవరికి పడితే వాళ్లకి ఆ ఫైల్ పంపకండి. నేను బాబాయ్ ఫోన్‌లో తీయకుండా, ఉత్తుత్తి పేర్లతో టెస్ట్ ఫోన్‌లో తీశాను.
* మీ ఖరీదైన ఫోన్‌లో పనిచేసింది కదా అని ఊరుకోకండి. ఎక్కువ ర్యామ్ లీక్‌ని దాచిపెడుతుంది, పోగొట్టదు. ఫోన్లలో వచ్చే “వర్చువల్ ర్యామ్” ఫీచర్ కూడా అంతే. యాప్ చచ్చే టైమ్‌ని కాస్త వెనక్కి జరుపుతుంది.
* ఒక్క ఆబ్జెక్టు మిగిలిందని వెంటనే లీక్ అనుకోవద్దు. చివరగా మూసిన స్క్రీన్‌ని సిస్టమ్ కాసేపు పట్టుకోవచ్చు. ఎన్నిసార్లు చేస్తే అన్ని పెరుగుతూ పోతే మాత్రం అది కచ్చితంగా లీకే.

ప్రతిసారీ ఇంత చేయాలా?

అక్కర్లేదు. 2015లో స్క్వేర్ కంపెనీ విడుదల చేసిన లీక్‌కెనరీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. డీబగ్ బిల్డ్‌కి దాన్ని జతచేస్తే, ముగిసిన స్క్రీన్లు నిజంగా పోయాయో లేదో అదే కనిపెట్టి, పోకపోతే ఫోన్‌లోనే డంప్ తీసి, కొయ్య నుంచి స్క్రీన్ దాకా దారిని నోటిఫికేషన్‌లో చూపిస్తుంది. రోజువారీ కాపలాకి అది చాలు. కానీ అది చూపించే దారి అర్థం కావాలంటే ఒక్కసారైనా మ్యాట్‌లో చేత్తో వెతికి ఉండాలి. లేదంటే “దిస్$0” దగ్గర మళ్లీ ఆగిపోతాం.

మీ దగ్గర ఏదైనా చిన్న ప్రాజెక్ట్ ఉంటే ఈ వారమే ప్రయత్నించండి. ఒక స్క్రీన్ ఎంచుకోండి, 5 సార్లు తెరిచి మూయండి, డంప్ తీయండి, 0 వస్తుందో లేదో చూడండి. గంట పని.

బాబాయ్ సంగతంటారా? యాప్ మళ్లీ వాడుతున్నాడు. సాయంత్రం గిరాకీలో కూడా లిస్ట్ పోవడం లేదు. నోటు పుస్తకం మాత్రం ఇంకా గల్లాపెట్టె పక్కనే ఉంది. “అలవాటురా” అంటాడు. పోయిన నమ్మకం తిరిగి రావడానికి టైమ్ పడుతుంది మరి, దానికి టూల్ లేదు.